పదమూడో నెల చీటీ: మూలాలు వెతికే ప్రోగ్రాం మరమ్మతు డైరీ

గురువారం, రాత్రి

పిన్ని చీటీ పుస్తకం నా టేబుల్ మీదకి వచ్చి వారమైంది. విజయనగరంలో మా వీధి ఆడవాళ్ళు పాతికమంది కలిసి నడుపుకునే చీటీ అది. నెలకి 4,000 చొప్పున 25 నెలలు, లక్ష రూపాయల చీటీ. పాట లేదు. పేర్లు కాగితం ముక్కల మీద రాసి హార్లిక్స్ సీసాలో వేస్తారు, ఎవరి పేరు వస్తే ఆ నెల లక్ష వాళ్ళది. పిన్ని పేరు పదమూడో నెలలో వచ్చింది. ఆఖరి కంతు కూడా మొన్ననే కట్టేసింది.

"అందరూ వడ్డీ వడ్డీ అంటారు గదరా, మరి నాకు ఏటి పడినట్టు? నీ కంప్యూటర్లో ఏసి చెప్పు" అంది.

ఇంతకన్నా తేలిక పని ఏముంటుంది అనుకున్నాను. ఇంటర్ పిల్లలకి సమీకరణ వాదం చెప్పడానికి రెండేళ్ల కింద బహుపదుల మూలాలు (బహుపది సున్నా అయ్యే విలువలు) కనుక్కునే ప్రోగ్రాం ఒకటి పైథాన్‌లో రాసుకున్నాను. ఒక అంచనాతో మొదలుపెట్టి అడుగడుగునా దగ్గరపడే న్యూటన్ పద్ధతిలో ఒక మూలం పట్టుకోవడం, సింథటిక్ డివిజన్‌తో దాన్ని బహుపదిలోంచి తీసేయడం, మిగిలినదాంట్లో ఇంకోటి వెతకడం. చివరికి వర్గ సమీకరణం మిగిలితే స్కూల్లో నేర్చుకున్న సూత్రం. ఐదు, ఆపై పరిమాణాలకి (పరిమాణం అంటే బహుపదిలోని అతి పెద్ద ఘాతం) అలాంటి సాధారణ సూత్రం ఉండదని గణితవేత్త ఏబెల్ 1824లోనే తేల్చేశాడు కాబట్టి వెతుక్కోవడం తప్ప దారి లేదు.

చీటీని బహుపదిగా మార్చడం సులువే. నెల వడ్డీకి 1 కలిపి, దాంతో 1ని భాగిస్తే వచ్చేది ఎక్స్ అనుకుందాం. అన్నిటినీ మొదటి నెల విలువలోకి మార్చాలంటే, మొదటి నెల కట్టింది అలాగే ఉంటుంది, రెండో నెల కట్టిందాన్ని ఎక్స్‌తో, మూడో నెలదాన్ని ఎక్స్ వర్గంతో గుణించాలి. అన్నిటినీ 4,000తో భాగిస్తే 24వ పరిమాణం బహుపది, గుణకాలన్నీ 1. పిన్ని డబ్బు అందుకున్న నెలలో మాత్రం ఒకటి కట్టి పాతిక తీసుకుంది కాబట్టి అక్కడ మైనస్ 24. ఇది ఎక్కడ సున్నా అవుతుందో చూస్తే వడ్డీ తెలుస్తుంది.

ఎలాగూ కూర్చున్నాను కదా అని పిన్నిది ఒక్కటే కాకుండా పాతికమందివీ వేశాను. కట్టింది లక్ష, అందుకుంది లక్ష. అంటే ఎక్స్ 1 దగ్గర, వడ్డీ సున్నా దగ్గర అందరికీ ఒక మూలం ఉండి తీరాలి. 24 వరసల్లో సున్నా చక్కగా వచ్చింది. పదమూడో వరసలో మాత్రం "ధన వాస్తవ మూలం లేదు" అని వచ్చింది.

సరిగ్గా పిన్ని వరసలోనే.

శనివారం

నా అనుమానం మొదట వర్గ సమీకరణం సూత్రం మీదకి పోయింది. దాన్ని విడిగా పరీక్షించాను. ఎక్స్² − 10⁸ ఎక్స్ + 1 = 0 ఇచ్చాను. మూలాలు దాదాపు 10⁸, 10⁻⁸. పెద్దది బాగానే వచ్చింది. చిన్నదానికి 0.00000001 రావాల్సింది పోయి 0.00000000745 వచ్చింది. పాతిక శాతం తప్పు! రెండేళ్లుగా పిల్లలకి ఇదే చూపించి "చూశారా, ఎంత ఖచ్చితమో" అన్నవాణ్ణి నేను.

తప్పు ఎక్కడంటే, సూత్రంలో 10⁸ లోంచి ఒక వర్గమూలాన్ని తీసేయాలి. ఆ వర్గమూలం 99999999.99999998. డబుల్ సంఖ్యకి (పైథాన్ దశాంశ సంఖ్యల్ని దాచుకునే రూపం అది) 53 బిట్లే, దశాంశాల్లో చూస్తే దాదాపు 16 అంకెలు. 10⁸ దగ్గర పక్కపక్క సంఖ్యల మధ్య దూరమే 0.0000000149. అంటే 0.00000002 తేడాని పట్టుకునే చోటు లేక అది కూడా 0.0000000149 అయిపోయింది. రెండు పెద్ద సంఖ్యల్లోని ఒకేలాంటి అంకెలన్నీ కొట్టేసుకుపోయి, చివర మిగిలిన చెత్తే జవాబుగా బయటికొచ్చింది. సరిచేయడానికి రెండు లైన్లు చాలు. గుర్తులు కలిసే వైపు మూలాన్ని సూత్రంతో తీసి, రెండోదాన్ని మూలాల లబ్ధం నుంచి భాగహారంతో తెచ్చుకోవాలి. ఇప్పుడు 10⁻⁸ వస్తోంది.

నిజమైన బగ్గే దొరికింది, సంతోషం. పదమూడో వరస మాత్రం మారలేదు. వేరే దొంగ దొరికాడు, అంతే.

ఆదివారం

ఇవాళ మూలాల్ని తీసేసే వరస సరిచేశాను. ఇన్నాళ్ళూ ఏది ముందు దొరికితే దాన్ని తీసేస్తూ పోయాను. పెద్ద మూలాన్ని ముందు తీసేస్తే అందులోని చిన్న తప్పు మిగిలిన గుణకాలన్నిటికీ అంటుకుంటుంది. చిన్నవి ముందు తీయాలి. తీసిన ప్రతి మూలాన్నీ అరిగిపోయిన బహుపదితో కాకుండా మొదటి బహుపదితోనే ఇంకో రెండు అడుగులు న్యూటన్ వేసి మెరుగు పెట్టాలి. చేశాను. మిగతా 24 వరసల్లో సంకీర్ణ మూలాలు (మైనస్ 1 వర్గమూలం ఐ ఉన్న కల్పిత భాగం కలిసినవి) కూడా ఇప్పుడు చివరి అంకె దాకా సరిపోతున్నాయి.

పదమూడో వరస అలాగే ఉంది.

సాయంత్రం పిన్ని తాండ్ర పట్టుకొచ్చింది. "అయిందా?" అంది. "అవుతోంది పిన్నీ" అన్నాను. "లక్ష కట్టి లక్ష తీసుకున్నాను, దానికి ఇన్ని రోజులా?" అని నవ్వి పోయింది. ఆవిడ చెప్పిందీ నిజమే కదా.

మంగళవారం

పైడితల్లమ్మ జాతర, సిరిమాను. ఇవాళ లాప్‌టాప్ తెరవలేదు. శ్రీకాకుళం నుంచి బావ వచ్చాడు. గుడికీ కోటకీ మధ్య సిరిమాను మూడుసార్లు తిరిగేదాకా జనంలో నలిగి, కాళ్ళు పీక్కుపోయి ఇంటికొచ్చాం. రాత్రి భోజనాల దగ్గర విషయం చెప్పాను. బావకి లెక్కల సాఫ్ట్‌వేర్‌తోనే ఉద్యోగం.

"విల్కిన్సన్ బహుపది వేసి చూశావా?" అన్నాడు.

లేదన్నాను.

"మరి ఇన్నాళ్ళూ ఏం పరీక్షించావు బావా?"

బుధవారం

జేమ్స్ విల్కిన్సన్ బ్రిటన్ నేషనల్ ఫిజికల్ లేబొరేటరీలో పనిచేసిన గణితవేత్త. ఆయన బహుపది చూడ్డానికి చంటిపిల్లాడి లెక్కలా ఉంటుంది. ఎక్స్ మైనస్ 1, ఎక్స్ మైనస్ 2, అలా 20 దాకా గుణిస్తే వచ్చేదే. మూలాలు 1 నుంచి 20. ఎక్కడా జంట మూలం (ఒకే చోట రెండు మూలాలు) లేదు, అన్నీ దూరంగా వరసగా ఉన్నాయి. ఎక్స్ 19వ ఘాతం గుణకం −210. దాన్ని 2⁻²³ అంత, అంటే దాదాపు 0.00000012 కదిపితే 20 మూలాల్లో 10 సంకీర్ణ సంఖ్యలైపోతాయి. 16, 17 అనే మూలాలు 16.73 ప్లస్ ఆర్ మైనస్ 2.81 ఐ అనే జంటగా మారిపోతాయి.

వేశాను. ప్రోగ్రాం ఆగలేదు. ఫ్యాన్ మోత మొదలైంది. ఐదు నిమిషాలు చూసి నేనే ఆపాను.

నా లూప్ ఆగే షరతు, బహుపది విలువ 10⁻¹² కన్నా తగ్గాలని. ఇక్కడ అది జరగని పని. 20 దగ్గర ఈ బహుపది వాలు, అంటే ఎక్స్ కదిలితే విలువ మారే వేగం, 19 ఫాక్టోరియల్ (1 నుంచి 19 దాకా లబ్ధం), దాదాపు 1.2 × 10¹⁷. డబుల్‌లో 20 పక్కనున్న సంఖ్యకి జరిగితేనే విలువ 432 మారుతుంది. 432 చొప్పున ఎగిరేదాన్ని 10⁻¹² లోపల కూర్చోమంటే ఎలా కూర్చుంటుంది? పైగా కూడికలు, గుణకారాల్లో పోగయ్యే తప్పు అంతకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ.

ఇంకా తమాషా గుణకాల్లో ఉంది. ఎక్స్ 7వ ఘాతం గుణకం −311333643161390640. ఈ సైజులో డబుల్ సంఖ్యలు 64కి ఒకటి చొప్పునే ఉంటాయి. అందుకని అది −311333643161390656గా నిల్వ అవుతుంది. తేడా 16. పద్దెనిమిది అంకెల సంఖ్యలో పదహారు. కానీ 20 దగ్గర ఆ 16ని 20 ఏడో ఘాతంతో, అంటే 128 కోట్లతో గుణించాలి. 2,048 కోట్లు! లెక్క ఇంకా మొదలే కాలేదు, గుణకం రాసుకోవడంలోనే సున్నా రావాల్సిన చోట 2,048 కోట్లు.

ఈ సంఖ్య చూసి నాకు నిజంగానే టెన్షన్ వచ్చింది. బావ మాత్రం టీ తాగుతూ, "దాన్ని వాలుతో భాగించు" అన్నాడు. 2,048 కోట్లని 1.2 × 10¹⁷ తో భాగిస్తే 0.00000017. అంటే 20 అనే మూలం ఏడో దశాంశ స్థానంలో కదిలింది, అంతే. అదే 16 తేడా 15 అనే మూలాన్ని ఎంత కదుపుతుందో వేశాం. అక్కడ శేషం (సున్నాకి బదులు మిగిలేది) 273 కోట్లే, 20 దగ్గర కన్నా బాగా తక్కువ. వాలు ఇంకా తక్కువ, 10¹³. మూలం 0.00026 కదిలింది. నాలుగో దశాంశ స్థానం! శేషం చిన్నదైన చోట తప్పు పెద్దదైంది.

ఇన్నేళ్లూ నా ప్రోగ్రాం మూలాన్ని సరిచూసుకునే పద్ధతి ఒక్కటే, బహుపదిలో వేసి సున్నాకి దగ్గరగా వచ్చిందా అని. ఆ ఒక్క సంఖ్యతో ఏమీ తెలియదని ఇప్పుడు తెలిసింది.

ఆగే షరతు మార్చాను. బహుపది విలువ కట్టేటప్పుడే పక్కన గుణకాల గుర్తులు తీసేసి ఇంకో లెక్క నడుపుతాను. ఈ విలువలో గరిష్ఠంగా ఎంత రౌండింగ్ తప్పు ఉండొచ్చో అది చెబుతుంది. విలువ ఆ హద్దులోకి వచ్చిందంటే ఇక వెతికినా ఉపయోగం లేదు, ఆగిపోవాలి. ఇప్పుడు విల్కిన్సన్ బహుపది చిటికెలో ఆగుతోంది. మధ్య మూలాలు కొద్దిగా చెదిరి వస్తున్నాయి, రావాల్సినవే. గుణకాల్ని పైథాన్ పూర్ణసంఖ్యలుగానే ఉంచి, ఎన్ని అంకెలు కావాలంటే అన్నిటితో లెక్క చేసే ఎంపీమ్యాథ్ లైబ్రరీలో 50 అంకెలతో లెక్క నడిపితే 1 నుంచి 20 వరసగా పడ్డాయి.

శుక్రవారం, తెల్లవారుజామున

బావ నిన్న సాయంత్రం బస్సెక్కుతూ ఒక మాట అన్నాడు. "24 వరసలు బాగున్నాయి, ఒక్కటే చెడింది అంటున్నావు. అయితే ప్రోగ్రాంని వదిలేసి ఆ వరసని చూడు బావా."

రాత్రి అదే చూశాను. డబ్బు అందుకున్న నెల మారుతుంటే ఎక్స్ 1 దగ్గర వాలు ఎలా మారుతుందో కాగితం మీద వేశాను. మొదటి నెలకి 300, రెండో నెలకి 275, మూడో నెలకి 250, ఇలా 25 చొప్పున తగ్గుతూ పోతుంది. పదమూడో నెలకి సున్నా. అంటే అక్కడ బహుపది అడ్డగీతని కోసుకుంటూ పోదు, తాకి వెనక్కి లేస్తుంది. జంట మూలం.

అప్పుడు ఇన్నాళ్ళూ పట్టించుకోని రెండో మూలాన్ని చూశాను. డిస్కార్టెస్ గుర్తుల నియమం ప్రకారం ప్లస్సులు, మధ్యలో ఒక మైనస్, మళ్ళీ ప్లస్సులు ఉంటే ధన మూలాలు రెండు ఉండొచ్చు, అసలే లేకపోవచ్చు. మన దగ్గర 1 ఎలాగూ ఉంది కాబట్టి రెండోది కూడా ఉండాలి. ప్రోగ్రాం సున్నాకి దగ్గరగా ఉన్న వడ్డీనే చూపిస్తోంది కాబట్టి అది ఎప్పుడూ నా కంట పడలేదు. ఏడో నెల అందుకున్నావిడకి సున్నాతో పాటు నెలకి 37.9 శాతం అని ఇంకో జవాబు ఉంది. పన్నెండో నెలకి వచ్చేసరికి అది దాదాపు 4 శాతానికి దిగింది. పద్నాలుగో నెలకి సున్నా అవతలికి పోయి మైనస్‌లో ఉంది. ఈ రెండో మూలం నెలనెలా జరుగుతూ వచ్చి, పదమూడో నెలలో సరిగ్గా మొదటి మూలం మీద కూర్చుంది.

ప్రోగ్రాంలో పదమూడో వరసకి, 1 దగ్గరి జంటని వదిలి మిగతా 22 మూలాలు తీసేశాక చివరికి మిగిలిన వర్గ సమీకరణాన్ని అచ్చు వేయించాను. ఎక్స్² − 2 ఎక్స్ + 1 ఉండాలి. నాకు వచ్చింది ఎక్స్² − 1.9999999999999998 ఎక్స్ + 1.

అదీ సంగతి. చివరి బిట్ ఒక్కటి తప్పింది. డబుల్‌లో ఇంతకన్నా చిన్న తప్పు ఆ చోట రాయడానికే కుదరదు. కానీ దాని విచక్షణి (సూత్రంలో వర్గమూలం కింద ఉండేది) సున్నా కాకుండా −0.00000000000000089 అయింది. దాని వర్గమూలంలో సగం 0.0000000149. పదహారో అంకెలోని తప్పు వర్గమూలం కిందికి పోయి ఎనిమిదో దశాంశ స్థానంలో తేలింది, అది కూడా కల్పిత భాగంగా. కల్పిత భాగం 10⁻¹⁰ దాటితే వాస్తవ మూలం కాదని కొట్టేయమని రెండేళ్ల కింద రాసింది నేనే. ప్రోగ్రాం చెప్పిన పని చేసింది.

న్యూటన్ కూడా ఇన్నాళ్ళూ ఈ సంగతి చెబుతూనే ఉంది, నేనే వినలేదు. మామూలు మూలం దగ్గర సరైన అంకెలు అడుగడుక్కీ రెట్టింపు అవుతాయి. పదమూడో వరసలో మొదటి కొన్ని అడుగులు పోయాక తప్పు ప్రతిసారీ సరిగ్గా సగమే అవుతోంది. పాత లాగ్ ఫైల్లో అది వరసగా కనిపిస్తోంది. ముందే చూసి ఉంటే వారం రోజులు కలిసొచ్చేవి.

ఒక్క బిట్ ఇంత చేస్తే ఒక్క రూపాయి ఏం చేస్తుంది? పిన్ని లక్షకి ఒక రూపాయి ఎక్కువ తీసుకున్నట్టు వేశాను. వడ్డీ నెలకి 0.062 శాతం, మైనస్ 0.062 శాతం, రెండూ జవాబులే. ఏడాదికి ముప్పావు శాతం దాకా, ఒక్క రూపాయికి! ఒక రూపాయి తక్కువ వేస్తే ధన వాస్తవ మూలమే లేదు. ఈసారి అది ప్రోగ్రాం తప్పు కాదు, నిజంగానే లేదు.

శనివారం

పొద్దున్నే పిన్ని దగ్గరికి పోయి అడిగాను, డబ్బు తప్ప ఇంకేమైనా ముట్టిందా అని.

"స్టీలు బిందె ఇచ్చినారు గదా, పేరు వచ్చిన అందరికీని" అంది.

"ఎంతుంటుంది?"

"వెయ్యి ఉంటాది."

బిందె కలిపి వేశాను. నెలకి 1.98 శాతం లాభం, నెలకి 1.94 శాతం నష్టం. లెక్క ప్రకారం రెండూ సరైనవే. పిన్నికి చూపిస్తే కళ్ళజోడు పైకి తోసి, "ఏటిరా ఇది? వడ్డీ వచ్చినట్టా, పోయినట్టా?" అంది.

ఆ ప్రశ్నకి ఎన్ని అంకెల ఖచ్చితత్వం పెట్టినా జవాబు రాదు. మొదటి పన్నెండు నెలలు పిన్ని మిగతావాళ్ళకి అప్పు ఇచ్చింది, తర్వాతి పన్నెండు నెలలు వాళ్ళ దగ్గర అప్పు తీసుకుంది. ఇచ్చిన అప్పు వడ్డీ, తీసుకున్న అప్పు వడ్డీ ఒకదాన్నొకటి తినేసే చోట "నా వడ్డీ ఎంత" అని అడిగితే లెక్క అటూ ఇటూ ఊగుతుంది. ప్రశ్న తిరగేసి, వడ్డీ రేటు మనమే ఇచ్చి తేడా ఎన్ని రూపాయలని అడిగితే జవాబు కదలదు.

ఆదివారం, రాత్రి

ఇవాళ చేసిన పనులు రాసి పెట్టుకుంటున్నాను, మళ్ళీ మర్చిపోతాను.

చీటీలో అన్నీ రూపాయలే కాబట్టి గుణకాలు పూర్ణసంఖ్యలు. వాటిని దశాంశాలుగా మార్చాల్సిన అవసరమే లేదు. జంట మూలం బహుపదిలోనూ, దాని వాలు చెప్పే అవకలజంలోనూ ఉంటుంది కాబట్టి, పైథాన్‌లోని భిన్నాల మాడ్యూల్‌తో ఆ రెండిటికీ యూక్లిడ్ పద్ధతిలో గసాభా తీయించాను. మధ్యలో తెర పట్టనంత పెద్ద భిన్నాలు పరిగెత్తాయి, చివరికి వచ్చింది ఎక్స్ − 1, ఒక్క అంకె అటూ ఇటూ లేకుండా. జంట మూలం ఉందని, అది 1 అని ఎలాంటి రౌండింగ్ లేకుండా తేలిపోయింది. కాగితం మీద కూడా సరిచూసుకున్నాను, ఈ బహుపదికి ఇంకెక్కడా జంట మూలం రాదు.

అదే భాగహారాల వరసని గుర్తులు మార్చి వాడితే గణితవేత్త స్టర్మ్ 1829లో ఇచ్చిన పద్ధతి అవుతుంది. ఫలానా రెండు సంఖ్యల మధ్య వాస్తవ మూలాలు ఎన్నో లెక్కపెట్టి చెబుతుంది. అందుకని ఇప్పుడు ప్రోగ్రాం ముందు స్టర్మ్‌ని అడుగుతుంది, ఎన్ని ఉన్నాయని. లేవంటే లేవని చెప్పి ఆగుతుంది. ఉంటే వాటిని విడదీసి, సగం సగం చేసుకుంటూ పట్టుకుంటుంది. కల్పిత భాగం చిన్నదైతే వాస్తవమనుకో అనే పాత లైను తీసేశాను. దాన్ని 10⁻¹⁰ నుంచి 10⁻⁷కి మార్చేసి గొడవ వదిలించుకుందామని మొదటి రోజే చేయి లాగింది. అలా చేసి ఉంటే పదమూడో వరస సున్నా చూపించేది, వర్గ సమీకరణంలోని పాతిక శాతం తప్పు, ఆగని లూప్ అలాగే లోపల ఉండిపోయేవి.

రెండు మూలాలు దగ్గరగా ఉంటే జవాబుతో పాటు "ఒక రూపాయి మారితే వడ్డీ ఎంత మారుతుంది" అనే సంఖ్య కూడా చూపించేలా చేశాను. పిల్లలకి చెప్పేటప్పుడు పనికొస్తుంది.

పిన్ని కోసం విడిగా ఒక పేజీ. అందులో మూలాలు లేవు. ఏడాదికి 6 శాతం, అంటే నెలకి అర శాతం పెట్టి వేశాను. బిందె లేకుండా చూస్తే, పదమూడో నెల లెక్కన పిన్నికి 65 రూపాయలు నష్టం. బిందెతో కలిపితే 935 లాభం. అదే రేటుకి, బిందె లెక్క తీసేస్తే, మొదటి నెలలో తీసుకున్నావిడకి ఆ రోజు విలువలో దాదాపు 5,750 లాభం. ఆఖరి నెలలో తీసుకున్నావిడకి ఆఖరి రోజు విలువలో దాదాపు 6,240 నష్టం.

పిన్ని పేజీ అంతా చదివి, వేలు ఆఖరి వరస మీద పెట్టింది. "ఆఖర్ని తీసుకున్నది మన మూలింటి రమణమ్మే. ఇది దానికి చూపించకు" అంది.

ప్రోగ్రాంలో ఇంకా ఒకటి మిగిలింది. పాట ఉన్న చీటీల్లో కంతు నెలనెలా మారుతుంది, గుణకాలు ఇంత అందంగా ఉండవు. జంట మూలం 1 దగ్గరే రావాలని లేదు. అవతలి వీధి పాట చీటీ పుస్తకం రేపు తెస్తానంది పిన్ని.